రిమోట్ డేటాబేస్ సర్వర్ ఏ వెర్షన్‌లో ఉంది? ఏ పద్ధతిని ఎంతవరకు నమ్మొచ్చు

మీ ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి "మైఎస్‌క్యూఎల్ --వెర్షన్" అని కొడితే వెంటనే ఒక నంబర్ వస్తుంది. అది మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న క్లయింట్ (సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) వెర్షన్. ముంబైలోనో సింగపూర్‌లోనో నడుస్తున్న సర్వర్‌తో ఆ కమాండ్‌కు ఏ సంబంధమూ లేదు. వైఫై ఆపేసి కొట్టినా అదే జవాబు వస్తుంది. అయినా "సర్వర్ వెర్షన్ ఇదిగో" అంటూ ఆఫీసు గ్రూపుల్లో పెట్టే స్క్రీన్‌షాట్లలో తరచుగా కనిపించేది ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో "పీఎస్‌క్యూఎల్ --వెర్షన్", రెడిస్‌లో "రెడిస్-సీఎల్ఐ --వెర్షన్" కూడా ఇదే కోవలోకి వస్తాయి.

అందుకే పద్ధతులను పోల్చేటప్పుడు నేను ముందు చూసేది, ఈ నంబర్ ఎవరు చెబుతున్నారు అన్నది. క్లయింటా, మధ్యలో నిలబడి కనెక్షన్లను అందించే ప్రాక్సీనా, క్లౌడ్ కంపెనీ వెబ్ ప్యానెల్ అయిన కన్సోలా, అసలు డేటాబేస్ ఇంజినేనా? సౌకర్యం, వేగం ఆ తర్వాతి లెక్క. ఇక్కడ కమాండ్లను చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

లాగిన్ ఉంటే క్వెరీతోనే అడగండి

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతిలో ఉంటే ఇంకో దారి వెతకాల్సిన పని లేదు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ మూడింటిలోనూ "సెలెక్ట్ వెర్షన్()" పనిచేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో "సెలెక్ట్ @@వెర్షన్". వీటికి ప్రత్యేక పర్మిషన్లు అక్కర్లేదు, ఏ టేబుల్‌నూ ముట్టవు, సర్వర్ మీద లోడ్ పడదు. ప్రొడక్షన్‌లో పట్టపగలు నడిపినా ఎవరికీ టెన్షన్ ఉండదు.

కానీ వచ్చిన జవాబును చదవడంలోనే తిరకాసు ఉంది. మైఎస్‌క్యూఎల్, దాని నుంచి పుట్టిన మరియాడీబీ, పెర్కోనా ఉన్న కుటుంబం సంగతే చూడండి. "8.0.36" అని వస్తే గొడవ లేదు. "8.0.36-28" లాంటిది కనిపిస్తే అది పెర్కోనా సర్వర్ అయ్యే అవకాశం ఎక్కువ. "10.6" తోనో "10.11" తోనో మొదలైతే అది మరియాడీబీ. మైఎస్‌క్యూఎల్‌లో 10.6, 10.11 అనే వెర్షన్లు లేవు. పాత 5.7 సర్వర్లలో నంబర్ చివర "-లాగ్" అని తోక ఉంటుంది. దాన్ని ఏదో ఎడిషన్ పేరనుకుంటారు గానీ, లాగింగ్ ఆన్‌లో ఉందని చెప్పే గుర్తు మాత్రమే. షేర్డ్ హోస్టింగ్ ప్యానెల్‌లో "మైఎస్‌క్యూఎల్ డేటాబేసులు" అని రాసి ఉన్నా లోపల నడిచేది మరియాడీబీ కావడం చాలా మామూలు. ఆ తేడా పేరుతో ఆగదు. ఉదాహరణకు మైఎస్‌క్యూఎల్‌లో జేసన్ అనేది విడి డేటా టైప్, మరియాడీబీలో అది లాంగ్‌టెక్స్ట్‌కు మారుపేరు. అందుకని మైఎస్‌క్యూఎల్ వైపు నా ఓటు ఒంటి వెర్షన్ ఫంక్షన్‌కు కాకుండా "షో వేరియబుల్స్ లైక్ 'వెర్షన్%'" కు. నంబర్‌తో పాటు వెర్షన్_కామెంట్ అనే వరుస కూడా వస్తుంది, అది ఎవరి బిల్డో అక్కడ తెలిసిపోతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో వెర్షన్() ఇచ్చే వాక్యం పొడుగ్గా ఉంటుంది. ఏ ప్లాట్‌ఫామ్ మీద, ఏ జీసీసీ కంపైలర్‌తో కట్టారో కూడా అందులోనే ఉంటుంది. కళ్లతో చదవడానికి బాగానే ఉంటుంది, స్క్రిప్ట్‌తో చదివిస్తే మాత్రం ఏదో ఒకరోజు జీసీసీ నంబర్‌ను పట్టుకొస్తుంది. స్క్రిప్ట్‌కైతే "షో సర్వర్_వెర్షన్_నమ్" వాడండి. 15.4 సర్వర్ 150004 అని, 9.6.24 సర్వర్ 90624 అని చెబుతుంది. పూర్తి అంకెలు కాబట్టి పోల్చడం తేలిక. "9.6", "10" లను అక్షరాలుగా పోల్చి 9.6 పెద్దదని తేల్చే స్క్రిప్టులు ఇంకా అక్కడక్కడా బతికే ఉన్నాయి. ఇంకో సంగతి: 2017 అక్టోబర్‌లో వచ్చిన 10 నుంచి పోస్ట్‌గ్రెస్ లెక్క మారింది. అంతకుముందు 9.5 నుంచి 9.6కు వెళ్లడమంటే పెద్ద అప్‌గ్రేడ్. ఇప్పుడు 15.3 నుంచి 15.4కు వెళ్లడమంటే బగ్‌లు సరిచేసిన చిన్న అప్‌డేట్.

పీఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. కనెక్ట్ కాగానే, రెండు వెర్షన్లూ వేరైతే, తనది ఎంతో సర్వర్‌ది ఎంతో పక్కపక్కనే చూపిస్తుంది. సర్వర్ పెద్ద వెర్షన్ తన కంటే కొత్తదైతే కొన్ని సదుపాయాలు పనిచేయకపోవచ్చని హెచ్చరిక కూడా ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో అదే పని చేయాలంటే లాగిన్ అయ్యాక "స్టేటస్" అని కొట్టాలి. సర్వర్ వెర్షన్ అన్న వరుస అందులో విడిగా ఉంటుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ జవాబులో మొదటి వరుసే అసలు విషయం. చివర్లో విండోస్ సర్వర్ పేరు కూడా ఉంటుంది. అక్కడి 2019ని చూసి డేటాబేస్ కూడా 2019 అని రిపోర్ట్ రాసేస్తుంటారు. "సర్వర్‌ప్రాపర్టీ" ఫంక్షన్‌తో 'ప్రొడక్ట్‌వెర్షన్' అడిగితే ఈ గందరగోళం ఉండదు. 13తో మొదలైతే 2016, 14 అయితే 2017, 15 అయితే 2019, 16 అయితే 2022. అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ మాత్రం 12.0.2000.8 అనే చెబుతుంది. 12 అంటే 2014 కదా, మైక్రోసాఫ్ట్ మనల్ని పాత దాని మీద ఉంచిందా అని కంగారు పడనక్కర్లేదు. ఆ సర్వీసులో ఆ నంబర్‌కు పెద్ద అర్థం లేదు.

ఒరాకిల్‌లో "వి$వెర్షన్" అనే వ్యూ ఉంది. దానికి మీ యూజర్‌కు పర్మిషన్ లేదంటే "ప్రొడక్ట్_కాంపొనెంట్_వెర్షన్" చూడండి. 18సీ నుంచి బ్యానర్_ఫుల్ అనే కాలమ్ వచ్చింది. పాత బ్యానర్ కాలమ్ 19.0.0.0.0 దగ్గరే ఆగిపోతుంది, 19.3 లాంటి అసలు అప్‌డేట్ నంబర్ బ్యానర్_ఫుల్‌లోనే కనబడుతుంది. "టీఎన్ఎస్‌పింగ్" కొట్టగానే పైన మెరిసే వెర్షన్‌ను నమ్మకండి, అది మీ వైపున్న టూల్‌ది.

అసలు మీరు ఏ సర్వర్‌లోకి వెళ్లారు?

క్వెరీ అబద్ధం చెప్పదు గానీ, మీరు వెళ్లింది వేరే సర్వర్ అయితే దాని గురించే నిజం చెబుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (దూరపు సర్వర్‌ను మీ మెషీన్‌లోని ఒక పోర్ట్‌కు కలిపే సురక్షిత దారి) వాడేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో టన్నెల్‌ను 3307 పోర్ట్‌లో తెరిచి, మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో హోస్ట్ "లోకల్‌హోస్ట్", పోర్ట్ 3307 అని ఇస్తారు. లోకల్‌హోస్ట్ అన్న పేరు వినగానే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ పోర్ట్‌ను పట్టించుకోకుండా యూనిక్స్ సాకెట్ (మెషీన్ లోపలి దారి) మీదుగా మీ మెషీన్‌లోని డేటాబేస్‌లోకే వెళ్తుంది. పాస్‌వర్డ్ కూడా రెండుచోట్లా ఒకటే అయితే ఇక తేడా తెలియనే తెలియదు. హోస్ట్ దగ్గర 127.0.0.1 అని రాస్తే ఈ బాధ తప్పుతుంది.

రెప్లికాలు (అదే డేటా నకళ్లు ఉంచే సర్వర్లు) ఉన్నచోట కూడా ఇంతే. ఒకే పేరు వెనక రెండు మూడు సర్వర్లుంటాయి, అప్‌గ్రేడ్ నడుస్తున్న రోజుల్లో అవి వేర్వేరు వెర్షన్లలో ఉండొచ్చు. అందుకే మైఎస్‌క్యూఎల్‌లో వెర్షన్‌ను ఒంటరిగా కాకుండా "సెలెక్ట్ @@హోస్ట్‌నేమ్, @@వెర్షన్" అని జంటగా అడగడం మేలు. పోస్ట్‌గ్రెస్‌లో "ఇనెట్_సర్వర్_అడ్ర్" ఫంక్షన్ కలిపి అడిగితే జవాబు ఏ ఐపీ నుంచి వచ్చిందో తెలుస్తుంది.

పాస్‌వర్డ్ లేకపోతే

ఇక్కడే డేటాబేసుల స్వభావాలు బయటపడతాయి. మైఎస్‌క్యూఎల్‌కు మొహమాటం తక్కువ. 3306 పోర్ట్‌కు కనెక్షన్ తెరవగానే, మీరు నోరు మెదపకముందే, సర్వర్ తన పలకరింపు ప్యాకెట్ పంపుతుంది. అందులో వెర్షన్ మామూలు అక్షరాల్లో ఉంటుంది. పోర్ట్‌కు నేరుగా కనెక్ట్ చేసే టెల్‌నెట్ టూల్‌తోనో "ఎన్‌సీ" తోనో కనెక్ట్ అయితే చిందరవందర అక్షరాల మధ్య ఆ నంబర్ కనిపిస్తుంది. టీఎల్‌ఎస్ తప్పనిసరి చేసినా ఈ పలకరింపు ఎన్‌క్రిప్షన్ మొదలవక ముందే వచ్చేస్తుంది కాబట్టి దాగదు. మీ ఐపీకి అనుమతి లేకపోతే మాత్రం వెర్షన్ బదులు 1130 ఎర్రర్ వస్తుంది.

సులువైన పద్ధతే, కానీ నమ్మకంలో క్వెరీ కంటే ఒక మెట్టు కిందే పెడతాను. మరియాడీబీ 10 శ్రేణి సర్వర్లు ఈ పలకరింపులో తమ నంబర్ ముందు "5.5.5-" అని తగిలిస్తాయి. పాత మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్ కోడ్ వెర్షన్‌లో మొదటి అంకెనే చూసేది. 10ని 1 అనుకుని తికమక పడకుండా మరియాడీబీ వాళ్లు వేసిన అతుకు అది. కొన్ని టూల్స్ ఆ అతుకును తీయకుండా చూపిస్తాయి. సెక్యూరిటీ ఆడిట్ రిపోర్ట్‌లో "మీ సర్వర్ 5.5.5, చాలా పాతది" అని వస్తే ముందు దీన్ని అనుమానించండి.

మధ్యలో ప్రాక్సీ ఉంటే ఇంకా కష్టం. ప్రాక్సీఎస్‌క్యూఎల్ తన సెట్టింగ్‌లో రాసి ఉన్న నంబర్‌నే పలకరింపులో చెబుతుంది, వెనక ఏ సర్వర్ ఉన్నా సరే. 2024లో మూతపడిన అజూర్ మైఎస్‌క్యూఎల్ సింగిల్ సర్వర్‌లో కూడా ఇదే తంతు: గేట్‌వే 5.6 అని పలికేది, లోపలికెళ్లి సెలెక్ట్ వెర్షన్() అడిగితే 5.7 అనో 8.0 అనో అసలు సంగతి బయటపడేది. పలకరింపును నమ్మడమంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగి ఫ్లాట్‌లో ఎవరున్నారో రాసుకోవడం లాంటిది, చాలాసార్లు సరిపోతుంది, అన్నిసార్లూ కాదు.

దీనితో ఇంకో చిక్కు. ఇలా కనెక్షన్ తెరిచి లాగిన్ కాకుండా మూసేసిన ప్రతిసారీ సర్వర్ దాన్ని ఆ ఐపీ పేరు మీద తప్పుగా లెక్కేస్తుంది. మధ్యలో ఒక్క సరైన లాగిన్ కూడా లేకుండా ఆ లెక్క మ్యాక్స్_కనెక్ట్_ఎర్రర్స్ హద్దు దాటితే, డిఫాల్ట్‌గా 100, ఆ ఐపీ బ్లాక్ అయిపోతుంది. నిమిషానికోసారి టెల్‌నెట్ చేసి చూసే మానిటరింగ్ స్క్రిప్ట్ రాస్తే రెండు గంటల్లో ఆ పరిస్థితి రావచ్చు. అప్పుడు డీబీఏ (డేటాబేస్‌ను చూసుకునే అడ్మిన్) సర్వర్‌లోని హోస్ట్ క్యాష్‌ను ఖాళీ చేసేదాకా (8.0 వరకు దానికి "ఫ్లష్ హోస్ట్స్" కమాండ్ ఉండేది) ఆ ఐపీ నుంచి యాప్ కూడా లోపలికి వెళ్లలేదు.

పోస్ట్‌గ్రెస్ దీనికి పూర్తిగా వేరు. 5432కు టెల్‌నెట్ చేస్తే మౌనంగా కూర్చుంటుంది. ముందు క్లయింట్ మాట్లాడాలి, లాగిన్ పూర్తవ్వాలి, ఆ తర్వాతే వెర్షన్ పంపుతుంది. ఎన్‌మ్యాప్ లాంటి స్కానర్ ఎర్రర్ సందేశంలోని వివరాలను పట్టుకుని ఊహిస్తుంది, ఫలానా నుంచి ఫలానా వరకు అని ఒక రేంజ్ చెబుతుంది. లోపాలను తేల్చే పనికి ఆ రేంజ్ చాలదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ మధ్యస్థం. 1433లో లాగిన్‌కు ముందు జరిగే ప్రీలాగిన్ మార్పిడిలోనే వెర్షన్ చెప్పేస్తుంది, స్కానర్ దాన్ని చదవగలదు. యూడీపీ 1434లోని బ్రౌజర్ సర్వీస్ కూడా ఒక నంబర్ ఇస్తుంది గానీ, తర్వాత వేసిన అప్‌డేట్లు అందులో కనిపించకపోవచ్చు. 2003 జనవరిలో స్లామర్ వార్మ్ పాకింది ఆ పోర్ట్ మీదుగానే, అందుకే చాలా ఫైర్‌వాల్స్ దాన్ని మూసే ఉంచుతాయి.

స్కానింగ్ గురించి ఒక మాట. మీ సొంత సర్వర్ అయితే సరే. కంపెనీ నెట్‌వర్క్‌లో అయితే సెక్యూరిటీ టీమ్‌కు ముందు ఒక మెయిల్ పెట్టండి. వాళ్ల స్క్రీన్ మీద మీ ల్యాప్‌టాప్ ఐపీ ఎర్రగా వెలిగాక సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే అది తేలిక. క్లయింట్ కంపెనీ సర్వర్ అయితే రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టకండి.

టెర్మినల్ అలవాటు లేనివాళ్లకు

సొంత వెబ్‌సైట్ నడుపుకునేవాళ్లకు పైదంతా అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద సైట్ హెల్త్‌లోకి వెళ్లి, ఇన్ఫో ట్యాబ్‌లో డేటాబేస్ భాగం తెరిస్తే సర్వర్ వెర్షన్, క్లయింట్ వెర్షన్ వేర్వేరు వరుసల్లో ఉంటాయి. పీహెచ్‌పీమైఅడ్మిన్ మొదటి పేజీలో డేటాబేస్ సర్వర్ అన్న పెట్టెను చూడండి. దాని కింద వెబ్ సర్వర్ పెట్టెలో "డేటాబేస్ క్లయింట్ వెర్షన్" అని ఇంకో నంబర్ ఊరిస్తూ ఉంటుంది, అది పీహెచ్‌పీ లైబ్రరీది.

కోడ్ రాసేవాళ్లకు కూడా ఇదే జంట ఎదురవుతుంది. పీహెచ్‌పీ వాడే పీడీఓలో సర్వర్ వెర్షన్, క్లయింట్ వెర్షన్ అని రెండు యాట్రిబ్యూట్లు, జావా వాడే జేడీబీసీలో "గెట్‌డేటాబేస్‌ప్రొడక్ట్‌వెర్షన్", "గెట్‌డ్రైవర్‌వెర్షన్" అని రెండు మెథడ్లు. ఆటోకంప్లీట్‌లో పక్కపక్కనే వస్తాయి కాబట్టి ఏది ఎంచుకున్నారో ఒకసారి చూసుకోండి. యాప్ స్టార్ట్ అయినప్పుడు సర్వర్ వెర్షన్‌ను లాగ్‌లో ఒక వరుసగా రాయించడం నాకు అన్నిటికంటే ఉపయోగపడిన అలవాటు. ఆరు నెలల కిందట ఏ వెర్షన్ ఉండేదో క్వెరీ చెప్పలేదు, లాగ్ చెబుతుంది.

క్లౌడ్ కన్సోల్

డేటాబేస్ పడిపోయి ఉన్నా, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియకపోయినా కన్సోల్ పనికొస్తుంది. అమెజాన్ డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్‌లో ఇంజిన్ వెర్షన్ అన్న గడి ఉంటుంది, రాబోయే మెయింటెనెన్స్ వివరాలూ అక్కడే ఉంటాయి. రీజియన్ మాత్రం సరిచూసుకోండి. ముంబై రీజియన్ ఎంచుకుని ఉంటే హైదరాబాద్ రీజియన్‌లో పెట్టిన డేటాబేస్ లిస్ట్‌లోకి రాదు, పైగా 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌ను అకౌంట్‌లో విడిగా ఆన్ చేసుకోవాలి.

అమెజాన్ సొంత డేటాబేస్ అరోరాలో ఒకే సర్వర్‌కు రెండు నంబర్లుంటాయి. "8.0.మైఎస్‌క్యూఎల్_అరోరా.3.04.0" అని చూస్తే, ముందున్న 8.0 ఏ మైఎస్‌క్యూఎల్‌కు సరిపోతుందో చెబుతుంది, వెనకున్న 3.04.0 అరోరా సొంత నంబర్. మీ క్వెరీ నడుస్తుందా అన్న ప్రశ్నకు మొదటిది, అమెజాన్ సపోర్ట్‌తో మాట్లాడటానికి రెండోది. లోపలి నుంచి అడగాలంటే "సెలెక్ట్ అరోరా_వెర్షన్()" ఉంది.

మాంగోడీబీ, రెడిస్‌ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మాంగో షెల్‌లో "డీబీ.వెర్షన్()", రెడిస్‌లో "ఇన్ఫో సర్వర్". ఒక్క జాగ్రత్త: 2024లో రెడిస్ లైసెన్స్ మారాక విడిపోయిన వాల్‌కీ, పాత క్లయింట్లు ఇబ్బంది పడకుండా ఇప్పటికీ రెడిస్_వెర్షన్ 7.2.4 అనే చెబుతుంది. అసలు నంబర్ వాల్‌కీ_వెర్షన్ అన్న వరుసలో ఉంటుంది.

నంబర్ దేనికి కావాలి?

ఏ పద్ధతి చాలన్నది దీన్నిబట్టే తేల్చుకోవాలి. సపోర్ట్ గడువు చూడటానికైతే పెద్ద నంబర్ చాలు. మైఎస్‌క్యూఎల్ 5.7కు 2023 అక్టోబర్‌తో గడువు ముగిసింది, 8.0కు ఒరాకిల్ పెట్టిన గడువు 2026 ఏప్రిల్. పోస్ట్‌గ్రెస్ ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఐదేళ్లు సపోర్ట్ ఇస్తుంది. దీనికి కన్సోల్ చాలు, మధ్యలో ప్రాక్సీ లేకపోతే పలకరింపు ప్యాకెట్ కూడా చాలు. సెక్యూరిటీ లోపం మనకు వర్తిస్తుందా అని చూడటానికైతే చివరి అంకె దాకా కావాలి, లాగిన్ అయి క్వెరీతో అడగాల్సిందే.

ఒక ఫంక్షన్ నడుస్తుందా అన్నదే ప్రశ్న అయితే నంబర్ మీద ఆధారపడకండి, ఆ ఫంక్షన్‌నే ఒకసారి నడిపి చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 అని కచ్చితంగా తేలినా, ఆ డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్ (ఏ వెర్షన్‌లా నడవాలో చెప్పే సెట్టింగ్) 130 కంటే తక్కువలో ఉంటే "స్ట్రింగ్_స్ప్లిట్" నడవదు. పాత సర్వర్ నుంచి రీస్టోర్ చేసిన డేటాబేసులు పాత లెవెల్‌తోనే రావడం మామూలే. మాంగోడీబీలో ఫీచర్ కంపాటిబిలిటీ వెర్షన్ అనే సెట్టింగ్ కూడా ఇలాగే ఉంటుంది.

బ్యాకప్ తీయడానికైతే క్లయింట్ వెర్షన్ కూడా రాసుకోవాలి. తన కంటే కొత్త పెద్ద వెర్షన్ సర్వర్ ఎదురైతే పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్ పీజీ_డంప్, వెర్షన్ కుదరలేదని చెప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది. కాబట్టి అది సర్వర్‌తో సమానంగానైనా, అంతకంటే కొత్తగానైనా ఉండాలి. మైఎస్‌క్యూఎల్‌లో తిరగబడి ఉంటుంది: 8.0 మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో 5.7 సర్వర్ బ్యాకప్ తీయబోతే కాలమ్_స్టాటిస్టిక్స్ టేబుల్ లేదని 1109 ఎర్రర్ ఇస్తుంది. కాలమ్-స్టాటిస్టిక్స్ ఆప్షన్‌ను సున్నాకు పెట్టి నడిపితే ముందుకెళ్తుంది.

ఏ యాక్సెస్సూ లేక డీబీఏను అడగాల్సి వస్తే "వెర్షన్ ఎంతండీ" అని అడగకండి, "8" అని ఒక్క అంకె వస్తుంది. నడపాల్సిన క్వెరీని మీరే రాసి పంపండి, హోస్ట్‌నేమ్‌తో సహా వచ్చిన జవాబు మొత్తాన్ని స్క్రీన్‌షాట్‌గా కాకుండా టెక్స్ట్‌గా టికెట్‌లో పెట్టమనండి.